తాడిపత్రి బిడ్డ బళ్లారి రాఘవ

తాడిపత్రి చూడటానికి వచ్చే యాత్రికులు ముఖ్యంగా రెండు గుళ్లు చూసిపోతారు. ఒకటి పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరుని గుడి, ఇంకొకటి చింతల వెంకటరమణుని గుడి. విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకుల ఏలుబడిలో వెలసిన గుళ్లవి. రాతిరథం చూస్తారు, గోడల మీది రామాయణ శిల్పాలు చూస్తారు, బుగ్గలో లింగం దగ్గర ఊరే నీళ్లు చూస్తారు. నీళ్లకు మొహం వాచిన మన సీమవాళ్లకు శిల్పాలకంటే ఆ ఊటే పెద్ద వింత! ఆ తర్వాత బెలుం గుహలకో, లేపాక్షికో బస్సెక్కుతారు. అదే ఊళ్లో యావదాంధ్రం తలెత్తి చూసిన ఒక మహానటుడు పుట్టాడని వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. ఆ మాటకొస్తే మన కళాశాల విద్యార్థుల్లో తెలిసినవాళ్లు మాత్రం ఎంతమంది?

ఆయనే బళ్లారి రాఘవ. అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన నరసింహాచార్యులు, శేషమ్మ దంపతులకు జన్మించారు. ఇంటిపేరులో తాడిపత్రి ఉన్నా లోకం ఆయన్ను బళ్లారి పేరుతోనే పిలిచింది. ఇందులో మనం చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. ఆయన పుట్టేనాటికి తాడిపత్రి కూడా బళ్లారి జిల్లాలోదే. అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది 1882లో. తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఊరు ఒక రాష్ట్రంలో, పేరు ఇంకొక రాష్ట్రంలో మిగిలిపోయాయి.

రాఘవ పుట్టిన 1880వ సంవత్సరానికి ఇంకో విశేషం కూడా ఉంది. ఆ ఏడే రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు తన వ్యవహార ధర్మబోధిని నాటకాన్ని ప్రదర్శింపజేశారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అదే నాంది అంటారు. కోర్టుల్లో ప్లీడర్లు చేసే అక్రమాలను ఎత్తిచూపే నాటకం కావడంతో దాన్ని ప్లీడరు నాటకమని కూడా పిలిచేవారు. తమాషా ఏమిటంటే, మన సీమలో నాటకాన్ని పెంచి పెద్దచేసిన ముగ్గురూ ప్లీడర్లే!

మొదటివారు రాఘవకు మేనమామ, ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఈయన బళ్లారిలో వకీలుగా ఉంటూ సరస వినోదిని సభను నడిపారు, నాటకాలు రాశారు, వేషాలూ కట్టారు. రెండోవారు చారిత్రక నాటకాలకు పేరుపడ్డ కోలాచలం శ్రీనివాసరావు. ఈయనా బళ్లారి వకీలే. ఆయన వైపు సుమనోరమ సభ ఉండేది. రెండు సభల మధ్య పోటీ వల్ల ఊరికి మంచి నాటకాలు దక్కాయి. కందెనవోలు, కడప, అనంతపురం, బళ్లారి ప్రాంతాలంటే కరువుకు మారుపేరనుకునే రోజుల్లో మద్రాసు వాళ్లు కూడా నాటకం కోసం బళ్లారి వైపు చూశారు.

మూడోవారు మన రాఘవ. బళ్లారిలో చదువుకొని, మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు వెళ్లి, 1905లో లా పట్టా పుచ్చుకొని మళ్లీ బళ్లారికే వచ్చారు. క్రిమినల్ కేసుల్లో దిట్ట అనిపించుకున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరు అయ్యారు, ప్రభుత్వం రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. పగలంతా కోర్టు, రాత్రయితే రంగస్థలం. ఇంటి ఖర్చుకు వకీలు వృత్తి ఉంది కాబట్టి నాటకాన్ని అమ్ముకునే అవసరం ఆయనకు రాలేదు. ధర్మకార్యాల కోసం ఎన్నో ప్రదర్శనలు ఇచ్చారు.

షేక్స్‌పియర్ క్లబ్ పెట్టి ఇంగ్లీషు నాటకాలు ఆడారు. షైలాకు వేసినా ఆయనే, ఒథెల్లో వేసినా ఆయనే. తెలుగులో హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కోలాచలంవారి రామరాజు నాటకంలో పఠాను రుస్తుం వేషాలు ఆయనకు గొప్ప పేరు తెచ్చాయి. కన్నడంలోనూ, హిందీలోనూ నటించారు.

అయితే వేషాల పట్టిక చెబితే రాఘవ గొప్పతనం తెలియదు. ఆ రోజుల్లో నాటకమంటే పద్యాల పోటీ. నటుడు రాగం తీస్తే తీస్తూనే ఉండేవాడు, జనం వన్స్‌మోర్ అంటే చచ్చిపడిపోయిన పాత్ర కూడా లేచి మళ్లీ పద్యం పాడిపోయేది! రాఘవ దీన్ని ఒప్పుకోలేదు. ఏడ్చే మనిషి ఏడవాలి గాని ఆలాపన చేస్తాడా అన్నది ఆయన ప్రశ్న. అందుకే రాగాలు తగ్గించి మాటకూ చూపుకూ మౌనానికీ చోటిచ్చారు. పాత్ర మనసు తెలుసుకొని దాని ప్రకారం నడవడమే నటన అని నమ్మారు. హార్మోనియం శ్రుతికి అలవాటుపడ్డ చెవులకు ఇది కొత్త. మెచ్చినవాళ్లు ఉన్నారు, పద్యం ఏదయ్యా అని సణిగినవాళ్లూ లేకపోలేదు.

రెండో పట్టుదల ఇంకా పెద్దది. ఆడవేషం ఆడవాళ్లే వేయాలన్నారు. మగవాళ్లు చీర కట్టడం ఆనవాయితీ, సంసారి స్త్రీ స్టేజి ఎక్కితే అప్రతిష్ఠ అనుకునే కాలమది. కొమ్మూరి పద్మావతీదేవి వంటి చదువుకున్న స్త్రీలు ఆయనతో కలిసి నటించారు. తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయిన పి.వి. రాజమన్నారు రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని రాఘవ రంగస్థలం మీదికి తెచ్చారు. పురాణాల కిరీటాలు పక్కనబెట్టి మన ఇళ్లలోని స్త్రీల బాధ గురించి మాట్లాడిన నాటకం అది.

ఇంగ్లండు కూడా వెళ్లారు. అక్కడి రంగస్థలాన్ని దగ్గరగా పరిశీలించారు, బెర్నార్డ్ షాను కలుసుకున్నారు. మన నాటకం గురించి అక్కడివారికి చెప్పారు.

సినిమాల్లో మాత్రం ఆయన నటించినవి తక్కువ. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడు. అది ఆడలేదు. 1940లో చండిక. ఈ రెంటికీ మధ్య, 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ వచ్చింది. అందులో రాఘవ నర్సిరెడ్డి అనే రైతు. అప్పులిచ్చేవాళ్లకూ, పెత్తనం చేసేవాళ్లకూ మధ్య నలిగిపోయే రైతు కథ అది. జమీందార్లకు కోపమొచ్చి అడ్డుపడటంతో కొన్నిచోట్ల ఆ చిత్రం ప్రదర్శన ఆగిపోయింది. మన సీమలో మన్రో దొర నాటినుంచి రైత్వారీ పద్ధతి. జమీందార్ల పెత్తనం కోస్తాలో ఉన్నంతగా ఇక్కడ లేదు. కాని అప్పు అప్పే కదా! వాన ఎత్తిపోతే చెనిక్కాయ చేలో పెట్టుబడి మట్టిలో కలిసిపోవడం, మళ్లీ విత్తనానికి ఇంకొకరి గడప తొక్కడం సేద్యం చేసే ఇళ్లలో పుట్టిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కోటు వేసుకొని కోర్టులో వాదించే రావు బహద్దూరు దాదాపు అరవై ఏళ్ల వయసులో తలపాగా చుట్టి ఆ రైతు బతుకును తెరమీద చూపించాడంటే, అది నటనకు ఎంత గౌరవమో రైతుకూ అంతే గౌరవం.

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. అది వీరేశలింగంగారి పుట్టినరోజు. ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవం జరుపుకునేదీ ఆ రోజే. 1981లో తపాలాశాఖ రాఘవ పేరిట స్టాంపు వేసింది. బళ్లారిలో ఆయన పేరిట రాఘవ కళామందిరం ఉంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా పల్లెల్లో కళ అనేది కడుపు నిండినవాళ్ల వేడుక అనే మాట ఒకటుంది. బి.యస్సి. చదువుతూ నాటకం వేస్తానంటే, ముందు ఉద్యోగం చూసుకోరా నాయనా అంటారు ఇంట్లో. వాళ్ల భయం అబద్ధం కాదు. అయితే రాఘవ ఉద్యోగమూ వదల్లేదు, నాటకమూ వదల్లేదు. మేనమామా అంతే, కోలాచలమూ అంతే. ఈ మెట్టనేలలోనే, కరువు రోజుల్లోనే వాళ్లు ఆ పని చేశారు. ఇంకో సంగతి. చెల్లెలు కాలేజీ వార్షికోత్సవంలో వేషం వేస్తానంటే ఈనాటికీ వద్దనే ఇళ్లున్నాయి. అలాంటి ఇంటికి వెళ్లి చెప్పడానికి రాఘవ జీవితంకంటే మంచి ఉదాహరణ మన దగ్గర లేదు.

కాబట్టి మిత్రులారా, వచ్చే వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సులు ఎన్నయినా పెట్టుకోండి. వాటి మధ్య ఒక్క అరగంట మాత్రం నాటకానికి ఇవ్వండి. అందులో ఆడవేషం అమ్మాయిలకే ఇవ్వండి. తాడిపత్రికి విహారయాత్ర పోయినప్పుడు రెండు గుళ్లతో పాటు, ఇది రాఘవ పుట్టిన ఊరని పక్కవాళ్లకు చెప్పండి.