విశ్రాంపూర్‌లో నలభై ఏళ్లు: ఆస్కర్ లోర్ జీవితం చెప్పే సంగతి

ఛత్తీస్‌గఢ్‌లో విశ్రాంపూర్ అనగానే చాలామందికి సూరజ్‌పూర్ జిల్లాలోని బొగ్గు గనులు గుర్తొస్తాయి. అదే రాష్ట్రంలో ఆ పేరుతో మరో ఊరు ఉంది. రాయ్‌పూర్ నుంచి ఉత్తరంగా, బిలాస్‌పూర్ వెళ్లే వైపు, వరి పొలాల నడుమ ఉన్న పల్లె అది. అక్కడి ఇమ్మానుయేల్ చర్చికి 1873లో పునాది వేశారు. మరుసటి ఏడాది అది పూర్తయింది. ఛత్తీస్‌గఢ్‌లో తొలి చర్చి అదేనని పేరు. ఆ చర్చిని కట్టించినవాడు, ఆ ఊరికి విశ్రాంతినిచ్చే చోటు అనే అర్థంతో పేరు పెట్టినవాడు ఆస్కర్ లోర్ అనే జర్మన్ పాస్టరు.

ఛత్తీస్‌గఢ్ క్రైస్తవులకు లోర్ వాళ్ల సంఘానికి ఆద్యుడు. మతమార్పిడుల మీద వాదించుకునేవారికి ఆయన ఒక ఉదాహరణ మాత్రమే. ఒక పక్షం ఆయన్ని సేవామూర్తిగా చూపిస్తుంది, మరో పక్షం భూమి ఆశ చూపి మతం మార్చిన దొరగా చూపిస్తుంది. ఆయన బతికిన నలభై ఏళ్లను దగ్గర నుంచి చూస్తే ఈ రెండు బొమ్మల్లోనూ ఇమడని మనిషి కనిపిస్తాడు. పెద్ద కల మొదటి రెండేళ్లలోనే చెదిరిపోయింది. ఆ తర్వాత కూడా అక్కడే ఉండి, రోజువారీ పనుల్లోనే విశ్వాసాన్ని నిలుపుకున్నాడు. ఆ నిలకడ కోసం ఆయన చేసిన ఏర్పాటే తర్వాతి కాలంలో సంఘానికి బరువైంది.

రాంచీలో నేర్చుకున్న ఓర్పు

లోర్ 1824లో సైలీషియాలో పుట్టాడు. అది అప్పట్లో ప్రష్యా రాజ్యంలో భాగం, నేడు ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది. కొంత వైద్యం తెలిసినవాడు. బెర్లిన్ పాస్టరు యోహాన్నెస్ గోస్నర్ నెలకొల్పిన మిషన్‌లో చేరి రాంచీకి వచ్చాడు.

రాంచీలో గోస్నర్ మిషనరీలు 1845లో అడుగుపెట్టారు. దాదాపు ఐదేళ్లపాటు ఒక్కరు కూడా బాప్తిస్మం తీసుకోలేదు. 1850లో నలుగురు ఉరావ్ ఆదివాసులు ముందుకొచ్చారు. అప్పటి నుంచి ఛోటానాగపూర్ పల్లెల్లో కదలిక మొదలైంది. ఏళ్ల తరబడి ఏమీ జరగనట్టే ఉండి, తర్వాత ఊళ్లకు ఊళ్లే కదిలిరావడం లోర్ స్వయంగా చూశాడు. ఆ అనుభవం ఆయనకు ఓర్పు నేర్పింది, ఒక ఆశ కూడా కల్పించింది. ఆ ఆశే తర్వాత ఆయన్ని ఇబ్బంది పెట్టింది.

1857 తిరుగుబాటు రాంచీకి పాకినప్పుడు మిషనరీలు అంతా వదిలేసి కలకత్తాకు పారిపోయారు. లోర్ అక్కడి నుంచి అమెరికా చేరి, న్యూజెర్సీలో జర్మన్ వలసదారుల సంఘానికి పాస్టరయ్యాడు. భద్రమైన జీవితం, సొంత భాష మాట్లాడే జనం. పిల్లాపాపలున్న మనిషి అక్కడే స్థిరపడిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. అయితే 1865లో అమెరికాలోని జర్మన్ క్రైస్తవులు భారతదేశానికి మనిషిని పంపాలని ఒక మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. వాళ్లు పంపిన మొదటి మనిషి లోర్. 1868లో ఆయన భార్యాపిల్లలతో బొంబాయిలో దిగాడు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు.

అమెరికా నుంచి జర్మన్ పాస్టరు రావడం తెలుగువారికి కొత్త కాదు. గుంటూరు ప్రాంతంలో లూథరన్ సంఘానికి ఆద్యుడైన ఫాదర్ హయ్యర్ కూడా జర్మనీలో పుట్టి, అమెరికా నుంచే 1842లో గుంటూరు చేరాడు.

గురువు పక్కన ఆసనం

రాయ్‌పూర్ అప్పటికి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో మారుమూల జిల్లా కేంద్రం. రైలు రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పడుతుంది. అక్కడ సత్నామీల మధ్య పని చేయమని నాగపూర్‌లోని స్కాట్లండ్ మిషనరీలు లోర్‌కు సలహా ఇచ్చారు.

సత్నామీలు ఎక్కువగా చర్మకార కులంలో పుట్టి, వ్యవసాయం చేసుకునే జనం. 1756లో గిరౌద్‌పురిలో పుట్టిన గురు ఘాసీదాస్ వారికి ఒకే దేవుణ్ణి, సత్‌నామాన్ని బోధించాడు. విగ్రహాలు వద్దన్నాడు. మాంసం, మద్యం, పొగాకు మానమన్నాడు. మనుషుల మధ్య ఎక్కువ తక్కువలు లేవన్నాడు. ఆయన కొడుకు బాలక్‌దాస్ జంధ్యం వేసుకుని తిరగడం అగ్రకులాలకు కంటగింపైంది. 1860 ప్రాంతంలో అతన్ని చంపేశారు. లోర్ వచ్చేనాటికి ఆ గాయం పచ్చిగానే ఉంది.

విగ్రహాలు వదిలేసి ఒక్క దేవుణ్ణే నమ్మే జనం లక్షల్లో ఉన్నారని వినగానే లోర్‌కు రాంచీ గుర్తొచ్చి ఉంటుంది. వచ్చిన ఏడాదే సత్నామీ గురుపీఠమైన భండార్‌లో జరిగిన జాతరకు వెళ్లాడు. వేలమంది మధ్య గురువు తన పక్కనే ఆసనమిచ్చి ఆదరించాడు. జనం ఆయన మాటలు విన్నారు. పంథా అంతా ఒక్కసారిగా క్రీస్తు వైపు తిరుగుతుందని లోర్ నమ్మాడు.

అది జరగలేదు. ఆదరించడం వేరు, చేరడం వేరు అని త్వరలోనే తేలింది. సత్నామీల దృష్టిలో లోర్ ఒక మంచి మాట చెప్పే సాధువు. సత్‌నామాన్ని కాదనే మనిషిగా వాళ్లు ఆయన్ని చూడలేదు. బాప్తిస్మం మాట వచ్చేసరికి, అది తమ గురువునూ తమ బంధుత్వాన్నీ తెంచుకోవడమేనని వాళ్లకు అర్థమైంది. స్వాగతం ఎదురుతిరుగుడుగా మారింది. 1870 మొదట్లో తొలి బాప్తిస్మాలు జరిగినప్పుడు ముందుకొచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

లోర్ ఊహించిన దానికీ చేతికి దక్కిన దానికీ పొంతన లేదు. మనిషి విశ్వాసానికి నిజమైన పరీక్ష ఇలాంటి సమయంలోనే ఎదురవుతుంది. రాంచీలో కత్తులు చూసి పారిపోవాల్సి వచ్చింది. ఇక్కడ ఎవరూ తరమలేదు, అనుకున్నట్టు జరగలేదంతే. వెళ్లిపోవడానికి కారణం చాలినంత ఉన్నా ఆయన ఉండిపోయాడు.

బంజరులో ఊరు

అప్పటికే ఆయన రాయ్‌పూర్‌కు ఉత్తరాన సర్కారు బంజరు భూమి పదిహేను వందల ఎకరాలకు పైగా కొన్నాడు. ఎందుకు కొన్నాడన్నది ముఖ్యం. బాప్తిస్మం తీసుకున్నవాడికి ఆ రోజుల్లో కులం తలుపు మూసేసేది. పిల్లనివ్వరు, పిల్లను తీసుకోరు, పంక్తిలో కూర్చోనివ్వరు. ఊరి భూస్వామి కౌలు రద్దు చేస్తే తిండి కూడా ఉండదు. అలాంటివారికి నిలబడటానికి నేల కావాలి. ఆ నేలే విశ్రాంపూర్ అయింది.

అక్కడ ఆయన దినచర్యలో గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. రోగులు వస్తే మందులిచ్చేవాడు. వచ్చినవారిలో ఎక్కువమంది క్రైస్తవులు కారు, అయ్యే ఉద్దేశమూ లేదు. అయినా మందు ఇవ్వడం ఆగలేదు. బడి పెట్టాడు. అక్షరం ముక్క రాని ఇళ్లలోంచి వచ్చిన పిల్లలకు చదువు చెప్పించాడు. పొదలు నరికించి పొలాలు చేయించాడు. ఆదివారం ఆరాధన, మిగతా రోజులు పొలం, బడి, మందులు. ఆయన కొడుకు జూలియస్ కూడా పెద్దయ్యాక అదే పనిలోకి వచ్చాడు.

1884లో ఈ పనిని అమెరికాలోని జర్మన్ ఇవాంజెలికల్ సినడ్ చేపట్టింది. అప్పటికే రాయ్‌పూర్ పట్టణంలో మరో మిషన్ కేంద్రం మొదలైంది. 1890ల చివర వరుసగా వచ్చిన కరవులు ఛత్తీస్‌గఢ్‌ను కుదిపేశాయి. ఆ కాలంలో అనాథ పిల్లలను సాకడం, ఆకలిగొన్నవారికి తిండి పెట్టడం మిషన్ ప్రధాన పనైపోయింది. కుష్ఠు రోగుల కోసం చంద్‌ఖురీలో 1897లో ఆశ్రమం తెరుచుకుంది. అది లోర్ తర్వాత వచ్చినవారు చేసిన పని. అయినా సంఖ్య చూసుకోకుండా ఎదుట ఉన్న మనిషిని చూసుకునే అలవాటు విశ్రాంపూర్‌లో మొదలైనదే.

ఒంగోలు దారి, విశ్రాంపూర్ దారి

దాదాపు అదే కాలంలో ఒంగోలులో జాన్ క్లౌ పని చేస్తున్నాడు. అక్కడా ముందుకొచ్చింది చర్మకారులే, మాదిగలు. వాళ్లలోనూ విగ్రహారాధన వదిలి గురువుల బోధల వెంట నడిచినవారు ఉన్నారు. అలాంటి సాధకుల్లో ఒకడైన ఎర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరవు సాగినన్నాళ్లు బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదన్నది ఆయన జాగ్రత్త. తిరిగి మొదలుపెట్టాక, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

రెండు చోట్లా జనం స్థితి ఇంచుమించు ఒకటే. ఫలితం మాత్రం ఒకటి కాదు. దానికి కారణాలు చాలా ఉన్నా రెండు స్పష్టంగా కనిపిస్తాయి. ఒంగోలు ప్రాంతంలో కొత్త విశ్వాసాన్ని ఊరూరా మోసుకెళ్లింది పేరయ్య వంటి సొంత మనుషులు, అదీ చుట్టరికాల దారిలో. ఛత్తీస్‌గఢ్‌లో సత్నామీలకు అప్పటికే తమ గురువు, తమ ఆత్మగౌరవ మార్గం ఉన్నాయి. లోర్ తెచ్చినది వాళ్లకు లేనిదాన్ని ఇవ్వడంగా కాక, ఉన్నదాన్ని వదులుకోవడంగా కనిపించింది. రెండోది, మాదిగ క్రైస్తవులు ఎక్కువమంది తమ పల్లెల్లోనే, తమ పనుల్లోనే ఉండి విశ్వాసాన్ని పాటించారు. దానికి వాళ్లు దెబ్బలు తిన్నారు, పని పోగొట్టుకున్నారు. అయినా వాళ్ల క్రైస్తవం వాళ్ల ఊళ్లోనే వేరుపట్టింది. విశ్రాంపూర్‌లో విశ్వాసానికి ఒక కొత్త ఊరు, ఆ ఊరికి ఒక యజమాని అవసరమయ్యారు.

ఆ యజమాని లోరే. మాల్‌గుజారీ పద్ధతిలో ఊరి శిస్తు వసూలు చేసి సర్కారుకు కట్టే బాధ్యత మిషన్‌ది. అంటే ఆదివారం వాక్యం చెప్పే పాస్టరే కౌలు అడిగే భూస్వామి. జబ్బు చేస్తే మందిచ్చేదీ ఆయనే, తగవు వస్తే తీర్పు చెప్పేదీ ఆయనే. ఛత్తీస్‌గఢ్ జనం అలాంటివాణ్ణి మాయీబాప్ అంటారు, తల్లీ తండ్రీ తానే అయినవాడని. ఆ సంబంధంలో ఆప్యాయత ఉంది, ఆధారపడటమూ ఉంది. ఆకలేసినప్పుడు నీడనిచ్చే చేయి, ఎదగాల్సినప్పుడు భుజం మీద బరువవుతుంది. లోర్ తర్వాతి తరాల్లో విశ్రాంపూర్ క్రైస్తవులు మిషన్ పెత్తనాన్ని ప్రశ్నించారు. సత్నామీ సమాజాన్ని లోతుగా అధ్యయనం చేసిన చరిత్రకారుడు సౌరభ్ దూబే చూపించినట్టు, వాళ్లు మిషనరీలు చెప్పినదాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. పెళ్లి, బంధుత్వం, పరువు విషయాల్లో తమ పాత కట్టుబాట్లను కొత్త విశ్వాసంతో కలుపుకుని తమదైన క్రైస్తవాన్ని తయారుచేసుకున్నారు.

వాదనలకు అందని మనిషి

స్వాతంత్ర్యం తర్వాత రాయ్‌పూర్ మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు, మిషనరీల కార్యకలాపాలపై విచారణకు ఆ ప్రభుత్వం 1954లో నియోగీ కమిటీని వేసింది. 1968లో మత స్వాతంత్ర్య చట్టం తెచ్చింది. ప్రలోభం అనే మాట అప్పటి నుంచి ఆ ప్రాంత రాజకీయాల్లో నిలిచిపోయింది. లోర్ జీవితానికి ఆ మాటను అతికించడం తేలిక, కానీ లెక్క కుదరదు. భూమి, మందు, బడి అన్నీ ఉండి కూడా సత్నామీలు లక్షల్లో సత్నామీలుగానే మిగిలారు. మందు తీసుకుని ఇంటికెళ్లినవాడి సంఖ్యే ఎక్కువ. ఇక వచ్చిన కొద్దిమందికి విశ్రాంపూర్ ఎంత ఇచ్చిందో, వాళ్లు అక్కడికి రావడానికి అంతకు తక్కువేమీ పోగొట్టుకోలేదు. అదే సమయంలో, భూమీ వాక్యమూ ఒకే చేతిలో ఉండటం సంఘాన్ని బలహీనపరుస్తుందన్న విమర్శనూ కొట్టిపారేయలేం. ఆ విమర్శ బయటివారికంటే ముందు విశ్రాంపూర్ క్రైస్తవులే చేశారు.

లోర్ 1907లో కన్నుమూశాడు. ఎనభై మూడేళ్లు బతికాడు, అందులో దాదాపు సగం ఛత్తీస్‌గఢ్‌లోనే. భండార్‌లో గురువు పక్కన కూర్చున్న రోజు ఆయన ఆశించిన జనసముద్రం ఎన్నడూ రాలేదు. ఆయన నాటిన సంఘం తర్వాతి కాలంలో ఉత్తర భారత సంఘంలో, అంటే సీఎన్ఐలో భాగమైంది.

ప్రార్థన ఫలించని ఏడాది, చేసిన మేలుకు గుర్తింపు రాని ఏడాది ప్రతి విశ్వాసికీ వస్తుంది. అలాంటి ఏడాది తర్వాత లోర్ చేసింది మందుల పెట్టె తెరవడం, బడి నడపడం, గోడ కట్టించడం. ఆ పనులకు ఫలితంతో నిమిత్తం లేదు. అయితే ఆ పనులు అందుకునేవారిని ఎప్పటికీ అందుకునేవారిగానే ఉంచకూడదన్న సంగతి ఆయన పూర్తిగా నేర్చుకోలేకపోయాడు. దాన్ని ఆయన సంఘమే తర్వాత తనకు తానుగా నేర్చుకుంది. ఇమ్మానుయేల్ చర్చిలో ఇప్పుడు ఆరాధన జరుపుకుంటున్నది ఆ నేల మనుషులే, తమ సొంత పాస్టర్లతో.