హాజరై ఉండి గైర్హాజరైన కవి

ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరారు. మన ప్రాంతపు పెద్దలను గురించి రాసే మిత్రులు ఎలాగూ ఉంటారు గనుక నేను పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్‌ను ఎంచుకున్నాను. ఆయన పుట్టినరోజు మార్చి 13. పాలస్తీనీయులు ఆ రోజును జాతీయ సంస్కృతీ దినోత్సవంగా జరుపుకుంటారు. సర్వీసంతా రెవెన్యూ రికార్డుల మధ్య గడిపిన నన్ను మాత్రం ఆయన కథలో కాగితాలు పోషించిన పాత్రే ఎక్కువగా ఆకట్టుకుంది.

ఆయన 1941లో గలిలీ ప్రాంతంలో, ఏకర్ పట్టణానికి తూర్పున ఉన్న అల్ బిర్వా అనే పల్లెలో జన్మించారు. తండ్రి సలీం గారు సొంత భూమి గల రైతు. చదువు నేర్పింది తాతగారు. 1948 యుద్ధంలో ఇజ్రాయెల్ సైన్యం ఆ ఊరిని పట్టుకోగా కుటుంబం లెబనాన్‌కు పారిపోయింది. సుమారు ఏడాది తరువాత దొంగచాటుగా సరిహద్దు దాటి తిరిగి వచ్చేసరికి ఊరే లేదు. ఆ పొలాల్లో యూదుల కొత్త వ్యవసాయ క్షేత్రాలు వెలిశాయి.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. యుద్ధకాలంలో ఊరు విడిచిన వారిని చట్టం గైర్హాజరైన వారిగా లెక్కగట్టి, వారి ఆస్తులను ప్రభుత్వపరం చేసింది. తిరిగి వచ్చి దేశంలోనే ఉంటున్నవారికి హాజరై ఉన్న గైర్హాజరీలు అనే పేరు పడింది. మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు, కాగితం మాత్రం లేడంటుంది. మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇచ్చి, బతికే ఉన్నామని రుజువు చేసుకుని పెన్షను తీసుకుంటున్నాం. కాస్త విసుక్కుంటాం కూడా. ఆ కుటుంబానికి అటువంటి పత్రం పుచ్చుకునే కౌంటరే లేదు. భూమి పోయిన సలీం గారు రాతి క్వారీలో పనికి కుదిరారు.

బడిలో చదివే రోజుల్లో ఇజ్రాయెల్ వార్షికోత్సవం నాడు ఈ కుర్రవాడు తనకు లేనివాటిని గురించి ఒక కవిత చదివాడట. మర్నాడు సైనిక గవర్నరు పిలిపించి, ఇలాంటివి రాస్తే మీ నాన్నకు క్వారీలో పని ఉండదని బెదిరించాడు. ఇది దర్వీష్ గారే తరువాత చెప్పుకున్న సంగతి. కవిత్వానికి అంత బలముందని ఆయనకు మొదట తెలియజెప్పింది ఆ అధికారేనని నా అభిప్రాయం.

1964లో వెలువడిన సంపుటిలోని గుర్తింపు కార్డు కవిత ఆయనకు అరబ్బు దేశాలంతటా పేరు తెచ్చింది. అందులో ఒక క్వారీ కూలీ కౌంటరు దగ్గర నిలబడి తన వివరాలు నమోదు చేయిస్తుంటాడు. అవతల కూర్చున్న ఉద్యోగికి ఒక్క మాటా ఉండదు. ఆ అవతలి కుర్చీ మనలో చాలామందికి తెలిసిన కుర్చీయే. విచిత్రమేమంటే, తరువాతి కాలంలో శ్రోతలు ఎంత అడిగినా ఆ కవిత చదవడానికి ఆయన ఇష్టపడేవారు కాదు. ఒక్క కవితకే తనను కట్టివేయడం ఆయనకు నచ్చలేదు.

అనుమతి పత్రం లేకుండా ప్రయాణించారనీ, కవితలు చదివారనీ పలుమార్లు జైలులో పెట్టారు. 1970లో చదువుకు మాస్కో వెళ్ళి, అక్కడి నుంచి 1971లో కైరో, 1973లో బీరూట్ చేరారు. స్వస్థలం విడిచినందుకు మిత్రులు కొందరు నొచ్చుకున్నారు. పాలస్తీనా విమోచన సంస్థలో చేరాక ఇరవై ఏళ్ళకు పైగా ఇజ్రాయెల్ ఆయనను తిరిగి రానివ్వలేదు. 1982లో బీరూట్ ముట్టడిని గురించి ఆయన రాసిన వచన గ్రంథంలో, బాంబులు పడుతుండగా వంటింటిదాకా వెళ్ళి కాఫీ కాచుకోవడం ఎలాగన్నదే పేజీల కొద్దీ సాగుతుంది. కాఫీప్రియులైన మన సభ్యులు తప్పక చదవదగినది.

1988 నవంబరులో అల్జీర్స్‌లో ప్రకటించిన పాలస్తీనా స్వాతంత్ర్య ప్రకటన రాసింది ఆయనే. ఆ నెలలోనే భారతదేశం పాలస్తీనాను గుర్తించింది. 1993లో ఓస్లో ఒప్పందం నచ్చక ఆ సంస్థ కార్యవర్గానికి రాజీనామా చేశారు. పదవి వదులుకోవడం ఎంత కష్టమో మనకు తెలియనిది కాదు.

1996లో రమల్లాలో స్థిరపడ్డారు. అంతకుముందే ఒకసారి ఆపరేషన్ అయిన గుండెకు 1998లో మళ్ళీ శస్త్రచికిత్స జరిగింది. 2007లో హైఫాలో కవితలు చదివారు. 2008 ఆగస్టు 9న అమెరికాలోని హ్యూస్టన్‌లో మరో గుండె ఆపరేషన్ తరువాత కన్నుమూశారు. తల్లి హూరియా అప్పటికి బతికే ఉన్నారు. జైలులో ఉన్న రోజుల్లో ఆమె కాఫీనీ రొట్టెనూ తలచుకుంటూ ఆయన రాసిన కవితను లెబనాన్ గాయకుడు మార్సెల్ ఖలీఫే పాటగా మలిచాడు.

ఆగస్టు 13న రమల్లాలోని ఒక గుట్ట మీద, వేలాది జనం నడుమ ఖననం చేశారు. అదే ఏడాది అక్టోబరు 5న ప్రపంచంలోని అనేక నగరాల్లో ఆయన కవితలు చదివారు. సమాధి చెంత మ్యూజియమూ తోటా 2012లో సిద్ధమయ్యాయి. ఆ తోటకు అల్ బిర్వా అని పేరు పెట్టారు.