అడవిలో అరగంట సాధన

ఆఫ్రికాలోని గాబన్‌లో, ఒగొవే నది ఒడ్డున లాంబరెనే అనే చోట ఆసుపత్రి నడిపిన డాక్టర్ ఆల్బర్ట్ ష్వైట్జర్ పేరు మన సంఘాల్లో చాలామంది వినే ఉంటారు. ఊపిరాడని పనిలో కూడా ఆయన సంగీత సాధనకు సమయం మిగుల్చుకున్న సంగతి మాత్రం కొందరికే తెలుసు.

1875లో అల్సాస్ ప్రాంతంలో ఒక లూథరన్ పాస్టరుగారి ఇంట ఆయన పుట్టారు. అయిదో ఏట పియానో నేర్చుకున్నారు. ఎనిమిదో ఏట, కాళ్లు పెడళ్లకు సరిగా అందకముందే, ఆర్గన్ మొదలుపెట్టారు. తొమ్మిదో ఏట ఊరి చర్చిలో ఆరాధనకు వాయించారు. తరువాత పారిస్‌లో విడోర్ అనే ప్రసిద్ధ విద్వాంసుని శిష్యుడయ్యారు. కీర్తనల ఆధారంగా బాక్ కూర్చిన కొన్ని ఆర్గన్ రచనలు ఆ గురువుకే అంతుపట్టలేదు. జర్మన్ కీర్తనలు వింటూ పెరిగిన ష్వైట్జర్, ఆ కీర్తనల మాటలు తెలిస్తే స్వరాల భావం తెలుస్తుందని ఆయనకు వివరించారు. బాక్‌పై 1905లో వెలువడిన ష్వైట్జర్ గ్రంథానికి పునాది అక్కడే పడింది.

అదే సంవత్సరం, ముప్పయ్యేళ్ల వయసులో, ఆయన వైద్యవిద్యలో చేరారు. 1913లో భార్య హెలెన్‌తో కలిసి లాంబరెనేకు వెళ్లారు. మొదట్లో పాత కోళ్లగూడే వైద్యశాల. తొలి తొమ్మిది నెలల్లోనే దాదాపు 2,000 మంది రోగులు వచ్చారు.

ఉష్ణమండల వాతావరణాన్ని తట్టుకునేలా చేయించి, ఆర్గన్ పెడళ్లు అమర్చిన పియానోను పారిస్ బాక్ సొసైటీ వారు ఆయనకు కానుకగా ఇచ్చారు. అయినా పరిచర్య కోసం సంగీతాన్ని వదులుకున్నానని, వేళ్లు మొద్దుబారితేనే ఆ త్యాగం సులువవుతుందని ఆయన అనుకున్నారు. ఒక సాయంకాలం దిగులుగా బాక్ రచన వాయిస్తుండగా మనసు మారింది. ఇక్కడ కచేరీ తేదీ తరమదు, మెప్పించవలసిన శ్రోతలూ లేరు. ఒక్కో రచనను వారాలు పట్టినా, నెలలు పట్టినా పూర్తిగా కంఠస్థం చేయాలని తీర్మానించుకున్నారు. కొన్ని రోజులు అరగంటకు మించి దొరికేది కాదు. ఆ అరగంటను ఆయన వదల్లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మన్ పౌరులన్న కారణంతో 1917లో ఆ దంపతులను ఫ్రాన్స్‌కు తరలించి నిర్బంధ శిబిరంలో ఉంచారు. అక్కడ వాద్యం లేదు. బల్లనే ఆర్గన్ మెట్లుగా, నేలనే పెడళ్లుగా భావించుకొని, మనసులో వింటూ సాధన చేశారు.

విడుదలయ్యేనాటికి ఆసుపత్రి అప్పులు మిగిలాయి. 1920లో ఆర్చిబిషప్ సోడర్‌బ్లూమ్ ఆహ్వానంపై స్వీడన్ వెళ్లి, ప్రసంగాలతో, ఆర్గన్ కచేరీలతో వాటిని తీర్చే దారి దొరికింది. పరిచర్యకు అడ్డమని వదిలేద్దామనుకున్న సంగీతమే పరిచర్యను నిలబెట్టింది. 1924లో తిరిగి లాంబరెనే చేరారు. 1965లో, తొంభయ్యేళ్ల వయసులో, అక్కడే కన్నుమూశారు.

ప్రియ చదువరులారా, ఆదివారం ఆరాధనకు పది నిమిషాల ముందు చేసే హడావుడినే మన కోయిర్లలో చాలాచోట్ల ప్రాక్టీసు అంటున్నాం. తీరిక దొరికాక నేర్చుకుందామంటే ఆ తీరిక రాదు. ఈ నెలకు ఒక్క కీర్తన ఎంచుకోండి. ముందు దాని మాటలు చదవండి, బాగా పాడేవారి నోట వినండి, ఆపైన హార్మోనియం ముందు కూర్చోండి. రోజుకు అరగంట చాలు.