కాంతికీ గాలికీ దారి చూపిన కొలాడన్

స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో 1802 డిసెంబరు 15న జన్మించిన డేనియల్ కొలాడన్ పేరు మన పాఠ్యగ్రంథాలలో, కనబడితే, ధ్వని ప్రకరణంలోనే కనబడుతుంది. 1826లో జెనీవా సరస్సులో గంటను నీట ముంచి మ్రోగింపజేసి, పదమూడు కిలోమీటర్లకు పైబడిన దూరాన పడవలో కూర్చుండి ఆలకించి, నీటిలో ధ్వనివేగం సెకనుకు 1435 మీటర్లని తేల్చిన యువకుడు ఆయనే.

1839లో జెనీవాలో యంత్రశాస్త్ర ఆచార్యుడయ్యాడు. తొట్టి రంధ్రం నుండి వెలువడే నీటిధార ఆకృతిని సభికులందరికీ చూపదలచి, 1841లో సూర్యకాంతిని ఆ ధారలోనికి ప్రసరింపజేశాడు. కాంతి వెలుపలికి రాక, ధార అంచుల వద్ద లోలోపలనే పరావర్తనం చెందుతూ, ధారతోపాటు వంగి క్రిందికి దిగింది. 1842లో దీనిని ప్రకటించాడు. 1854లో టిండాల్ లండనులో ఇదే ప్రయోగం చూపగా, చిరకాలం కీర్తి ఆయనకే దక్కింది. ఇది న్యాయమనిపించదు.

నా దృష్టిలో అంతకు మించిన కృషి సొరంగాలలో జరిగింది. ఆవిరి యంత్రాన్ని సొరంగంలోనికి తీసుకుపోతే పొగకు కూలీలకు ఊపిరాడదు. బయటి నుండి గొట్టాలలో ఆవిరిని పంపితే దారిలోనే నీరైపోతుంది. సంపీడిత గాలి మాత్రం రాతిని తొలిచే యంత్రాన్ని నడిపి, ఆపైన కూలీల ఊపిరికీ పనికివస్తుంది. కొలాడన్ 1852లోనే ఈ మార్గం సూచించాడు.

చిక్కంతా వేడితోనే. సైకిలు పంపు కొట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు. ఇరవై డిగ్రీల గాలిని, వేడి బయటికి పోనీయక, ఎనిమిదింతల పీడనానికి ఒత్తితే 250 డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన గాలి మరింతగా ఎదురొత్తుతుంది. యంత్రశక్తి వృథా అవుతుంది. 1872లో పదిహేను కిలోమీటర్ల గోథార్డ్ సొరంగం పని ఆరంభమైనప్పుడు, గుత్తేదారు లూయీ ఫావర్‌కు సలహాదారైన కొలాడన్, సిలిండరు లోపలికే సన్నని తుంపరగా నీటిని చిమ్మించి ఆ వేడిని పుట్టినచోటనే అణచాడు. ఆ సొరంగం సుమారు రెండువందల మందిని బలిగొన్నది. ఫావర్ 1879లో సొరంగంలోనే మరణించాడు. 1882లో రైళ్లు నడిచాయి. కొలాడన్ 1893 జూన్ 30న కన్నుమూశాడు.

ఆయన రెండు కృషులూ నేడు ఒకే గొట్టంలో కలుస్తున్నాయి. కాంతిని మోసే ఆప్టికల్ ఫైబర్ కేబులును భూమిలోని ప్లాస్టిక్ గొట్టంలోనికి యంత్రం నెట్టుతుండగా, సంపీడిత గాలి ఈడ్చుకుపోతుంది. ఆ గాలి వేడిగా ప్రవేశిస్తే గొట్టమూ, కేబులు పైతొడుగూ మెత్తబడి, ఒరిపిడి పెరిగి, కేబులు నడుమనే నిలిచిపోతుంది. అందుకే కంప్రెసరుకూ గొట్టానికీ మధ్య గాలిని చల్లబరచే పరికరం అమర్చుతారు. బయటి గాలితో పనిచేసే ఆ పరికరం, బయటి వేడికన్నా తక్కువకు దించలేదు. మన మే నెలలో ఈ పని తెల్లవారుజామున చేయడమే మేలు.