ఆంధ్ర పితామహుడు - మాడపాటి హనుమంతరావు

ఉద్దేశం

న్యాయవాదిగా, గృహస్థుగా, సంఘసేవకునిగా మాడపాటి హనుమంతరావు గడిపిన జీవితాన్ని పరిచయం చేయడం, చట్టం పరిధిలో ఉంటూ ఓర్పుతో సాగించిన కృషి ఒక ప్రజాసమూహాన్ని ఎలా మేలుకొలుపుతుందో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో నిజాం రాజ్యంలో మూడు ప్రధాన ప్రజాభాషలు ఉండేవి. అవి తెలుగు, మరాఠీ, కన్నడం. వాటిలో తెలుగు మాట్లాడేవారే రాజ్యజనాభాలో ఇంచుమించు సగం. అయినా కచేరీలలోను, న్యాయస్థానాలలోను, ఉన్నత విద్యలోను ఉర్దూ భాషదే ఆధిపత్యం. తన పొలానికి సంబంధించిన తగాదాలో న్యాయాధికారి ఏమి తీర్పు చెప్పాడో తెలుగు రైతుకు అర్థమయ్యేది కాదు. దరఖాస్తు రాయాలన్నా, వచ్చిన ఉత్తరువు చదివించుకోవాలన్నా అతడు ఎవరో ఒక వకీలు గుమ్మం ముందు నిలబడవలసిందే. ప్రభుత్వానికీ ప్రజలకూ నడుమ వకీలే వంతెన. ఆ స్థానాన్ని ధనార్జనకు మాత్రమే వాడుకొనకుండా ప్రజల మేలుకు వినియోగించిన న్యాయవాదులలో అగ్రగణ్యుడు మాడపాటి హనుమంతరావు.

హనుమంతరావు 1885 జనవరి 22న నాటి కృష్ణా మండలంలోని నందిగామ తాలూకాలో జన్మించారు. తండ్రి వెంకటప్పయ్య, తల్లి వెంకటసుబ్బమ్మ. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో ఆ బాలుడు తల్లితో కలిసి సూర్యాపేటలోని మేనమామ ఇంటికి చేరవలసివచ్చింది. ఆంగ్ల ప్రభుత్వపు పాలనలో ఉన్న ప్రాంతం నుండి నిజాం పాలనలోని ప్రాంతానికి వచ్చిన ఆ మార్పే ఆయన జీవితగమనాన్ని నిర్ణయించింది. అక్కడి బడిలో బోధన ఉర్దూలో సాగేది. ఉర్దూతోపాటు ఆయన పారశీకం కూడా నేర్చారు. తండ్రి లేని పిల్లవాడిని మేనమామ ఆదరించి చదివించి ఉండకపోతే తెలంగాణ ఒక గొప్ప సేవకుణ్ణి పొంది ఉండేది కాదు. ఒక బిడ్డ చదువుకు ఒక పెద్ద దిక్కు ఎంత అవసరమో హనుమంతరావుకు అనుభవపూర్వకంగా తెలుసు. తరువాతి కాలంలో ఆయన స్థాపించిన సంస్థలన్నింటి వెనుక ఈ అనుభవం నీడలా కనిపిస్తుంది.

పై చదువు కోసం ఆయన హనుమకొండ చేరి, అక్కడ మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. ఆనాడు హనుమకొండ వరంగల్లు సుబాకు పాలనాకేంద్రం. కాకతీయుల వేయిస్తంభాల గుడి నీడలో ఉన్న ఆ పట్టణంలోనే విద్యాశాఖ కార్యాలయంలో ఆయనకు గుమాస్తా ఉద్యోగం లభించింది. జీతం చిన్నదైనా ఆయన ఆలోచనలు చిన్నవి కావు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. ఆ స్ఫూర్తితో 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం ఏర్పడింది. దాని స్థాపనలోను, పోషణలోను యువకుడైన హనుమంతరావు శ్రద్ధతో పాల్గొన్నారు. తెలుగు పుస్తకం దొరకడమే కష్టమైన ఆ కాలంలో ఒక గ్రంథాలయాన్ని నిలబెట్టడం సామాన్యమైన పని కాదు. పుస్తకాలు సేకరించాలి, పత్రికలు తెప్పించాలి, అన్నింటికంటె ముఖ్యంగా చదివేవారిని కూడగట్టాలి. ప్రజలను ఒకచోట చేర్చి పనిచేయించే నేర్పును హనుమంతరావు ఈ భాషానిలయంలోనే అలవరచుకొన్నారు.

ఆ రోజులలోనే ఆయన రచనా వ్యాసంగం మొదలైంది. కథలు రాశారు. ఉర్దూ నుండి ప్రేమ్‌చంద్ కథలను తెలుగులోకి తెచ్చారు. మల్లికాగుచ్ఛము ఆయన కథల సంపుటి. తెలంగాణలో ఆధునిక కథకు బాటవేసిన తొలితరం వారిలో ఆయనకు స్థానం ఉంది. ఉర్దూ పత్రికలకు కూడా వ్యాసాలు రాసేవారు. ఉర్దూ ఆధిపత్యాన్ని ప్రశ్నించిన ఆయన ఉర్దూ భాషను ద్వేషించలేదు. దానిని ప్రేమించి, అందులో ప్రావీణ్యం సంపాదించి, ఆ బలంతోనే తెలుగువారి పక్షాన ప్రభుత్వంతో మాట్లాడారు.

ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరిన తరువాత హనుమంతరావు న్యాయశాస్త్రం చదివి, వకీలు పరీక్షలో కృతార్థులయ్యారు. 1917 ప్రాంతంలో ప్రభుత్వోద్యోగం వదలి న్యాయవాదవృత్తి చేపట్టారు. కుటుంబభారం కలిగిన మనిషి నెల జీతాన్ని వదలుకొని కక్షిదారుల రాకపై ఆధారపడే వృత్తిలోకి దిగడం సాహసమే. అయితే ఆ స్వేచ్ఛ లేకుండా ప్రజాసేవ సాధ్యం కాదు. సర్కారు కొలువులో ఉన్నవారు ప్రజల కష్టాలను గురించి నోరు మెదపలేని కాలమది. హైదరాబాదులోని ప్రముఖ న్యాయవాదులలో ఒకరుగా ఆయన పేరు పొందారు. ఇల్లు గడిపే వృత్తి, ఊరికి పనికివచ్చే సేవ ఆయన జీవితంలో చాలాకాలం జోడెడ్లవలె నడిచాయి.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినీ పాఠశాలలో సంఘసంస్కరణ సభ జరిగింది. మహిళా విద్య కోసం జీవితాన్ని ధారపోసిన మహారాష్ట్ర సంస్కర్త ధోండో కేశవ కార్వే ఆ సభకు అధ్యక్షులు. వక్తలు ఇంగ్లీషులోను, ఉర్దూలోను, మరాఠీలోను ప్రసంగించగా సభ శ్రద్ధగా విన్నది. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది తెలుగులో మాట్లాడబోగానే కొందరు గేలిచేసి అడ్డుపడ్డారు. తెలుగువారి సంఖ్య అంత ఎక్కువగా ఉన్న రాజ్యంలో, రాజధానీ నగరంలో, తెలుగు మాట నవ్వులపాలైంది. ఆ అవమానం తెలుగువారి గుండెల్లో ముల్లులా నాటుకొన్నది. ఆ రాత్రే కొందరు తెలుగు ప్రముఖులు టేకుమాల రంగారావు ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. వారిలో హనుమంతరావు ఒకరు. ఆనాడు ఆంధ్ర అనే మాటకు తెలుగు మాట్లాడేవారు అనే అర్థం ఉండేదని విద్యార్థులు గుర్తించాలి.

కోపంతో పుట్టిన సంఘాలు కోపం చల్లారగానే కనుమరుగు కావడం లోకంలో తరచుగా జరిగేదే. ఆంధ్ర జనసంఘానికి ఆ గతి పట్టకపోవడానికి హనుమంతరావు నిత్యకృషి ముఖ్యకారణం. ఊరూరా శాఖాసంఘాలు ఏర్పడ్డాయి. 1923లో వాటిని కలిపి కేంద్రసంఘంగా తీర్చిదిద్దిన సమావేశం హనుమకొండలో జరిగింది. ఒకనాడు గుమాస్తాగా కాగితాలు రాసిన ఊరికే ఆయన తెలుగువారి ప్రతినిధిగా తిరిగివచ్చారు. గ్రంథాలయాల స్థాపన, విద్యావ్యాప్తి, తాళపత్రాల సేకరణ, శాసనాల పరిశోధన కేంద్రసంఘం కార్యక్రమాలయ్యాయి. కొమర్రాజు లక్ష్మణరావు స్మారకంగా ఏర్పడిన పరిశోధక మండలి తెలంగాణలోని శాసనాలను వెలుగులోకి తెచ్చింది.

అయితే సంఘం చేసిన పనులలో న్యాయవాది ముద్ర స్పష్టంగా కనిపించేది వెట్టిచాకిరి విషయంలోను, వర్తకుల విషయంలోను. అధికారులు గ్రామాలకు వచ్చినప్పుడు కుమ్మరి కుండలు ఇవ్వాలి, చాకలి బట్టలు ఉతకాలి, రైతు బండి కట్టాలి. ఇదంతా ఉచితంగానే. వర్తకుడు పప్పు, బియ్యం, నెయ్యి నామమాత్రపు ధరకు ఇవ్వాలి, ఒక్కొక్కసారి ఆ ధరకు కూడా నోచుకొనేవాడు కాదు. ఈ దురాచారాలను నియంత్రిస్తూ ప్రభుత్వమే ఉత్తరువులు వెలువరించి ఉంది. కాని అవి ఉర్దూలో ఉండి కచేరీ బీరువాలలో పడి ఉండేవి. బాధపడేవాడికి తన హక్కు ఏమిటో తెలియదు, బాధపెట్టేవాడు తెలియనివ్వడు. కేంద్రసంఘం ఆ ఉత్తరువులను వెదకి తీసి, తెలుగులో వివరించి, చిన్న పుస్తకాలుగా అచ్చువేసి పంచింది. ఆ పుస్తకం చేతిలో ఉన్న వర్తకుడు అధికారి ఎదుట మునుపటి నిస్సహాయుడు కాడు. ప్రభుత్వపు మాటనే ప్రభుత్వోద్యోగికి చూపి నిలదీయగలడు. ఆయుధం పట్టకుండా, నినాదం చేయకుండా సాధించిన ఈ ధైర్యమే తెలంగాణ పల్లెల్లో ప్రజాచైతన్యానికి తొలి మెట్టు.

ఈ కార్యానికి ఆటంకాలు లేకపోలేదు. సభ జరుపుకోవాలంటే ముందుగా అనుమతి పొందాలనే గస్తీ ఉత్తరువు ఉండేది. ప్రైవేటు పాఠశాల తెరవడానికీ అనుమతి కావాలి. హనుమంతరావు ప్రతి నిబంధననూ చదివి, అందులో దొరికే సందును గ్రహించి, విసుగు లేకుండా దరఖాస్తు మీద దరఖాస్తు పంపేవారు. న్యాయస్థానంలో కక్షిదారు పక్షాన వాదించినట్లే ప్రభుత్వం ముందు ప్రజల పక్షాన వాదించారు.

ఆయన చేసిన సేవలలో మకుటాయమానమైనది బాలికల విద్యకు చేసిన కృషి. 1928లో హైదరాబాదులో తెలుగు బాలికల కోసం ఒక పాఠశాల ఆరంభమైంది. నారాయణగూడలో స్థిరపడి ఆంధ్ర బాలికోన్నత పాఠశాలగా పేరుపొందిన సంస్థ అదే. ఆడపిల్ల గడప దాటడమే తప్పుగా భావించిన కుటుంబాలు ఎన్నో ఉన్న కాలమది. బాలికలను పంపవలసిందిగా తల్లిదండ్రులను ఒప్పించడం ఒక ఎత్తు, గుర్తింపు సాధించడం మరొక ఎత్తు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. తెలుగులో చదివిన బాలికకు అక్కడ చోటు లేదు. అప్పుడు హనుమంతరావు రాజ్యం ఎల్లలు దాటి చూశారు. కార్వే 1916లో పుణెలో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి ఉన్నారు. అక్కడ స్త్రీలకు మాతృభాషలో విద్య నేర్పేవారు. నారాయణగూడ పాఠశాల ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఏర్పడి, తెలుగు మాధ్యమంలోనే తన బాలికలను పరీక్షకు పంపింది. ఏ కార్వే అధ్యక్షతన జరిగిన సభలో తెలుగుకు అవమానం కలిగిందో, ఆ కార్వే స్థాపించిన సంస్థే తెలుగు బాలికలకు చదువు దారి చూపింది. సభలో కొందరు చేసిన గేలిని అధ్యక్షునికి అంటగట్టకుండా ఆయనలోని ఉపకారిని గుర్తించడం హనుమంతరావు విశాలహృదయానికి నిదర్శనం.

స్త్రీవిద్యను వేదికలపై పొగడి, ఇంటి స్త్రీలను వంటగదికి పరిమితం చేసిన సంస్కర్తలు లేకపోలేదు. హనుమంతరావు అటువంటివారు కారు. ఆయన ధర్మపత్ని మాణిక్యమ్మ భర్తతోపాటు ప్రజాజీవితంలో పాల్గొన్నారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగింది. మహాసభతోపాటు ఆంధ్ర మహిళాసభ కూడా జరగడం ఆనవాయితీ అయింది. 1935లో సిరిసిల్లలో నాలుగవ ఆంధ్రమహాసభకు హనుమంతరావు అధ్యక్షులు కాగా, అదే ఊళ్లో జరిగిన మహిళాసభకు మాణిక్యమ్మ అధ్యక్షత వహించారు. భార్యాభర్తలు ఇద్దరూ ఒకే ఊరిలో రెండు సభలకు అధ్యక్షులు కావడం అరుదైన ఘట్టం. ఇంట్లో ఒక నీతి, సభలో ఒక నీతి లేని దాంపత్యం వారిది.

హనుమంతరావు మార్గాన్ని అందరూ మెచ్చలేదు. చట్టాన్ని అతిక్రమించక, వినతుల ద్వారా, వాదన ద్వారా హక్కులు సాధించాలనేది ఆయన పద్ధతి. జాగీర్దారుల, దేశముఖుల దోపిడి రోజురోజుకూ పెరుగుతుంటే విన్నపాలతో ఎంతకాలం వేచివుండాలని యువతరం ప్రశ్నించింది. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. 1941లో చిలుకూరు మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులు కావడంతో మహాసభ నడకలో వేగం పెరిగింది. 1944లో భువనగిరిలో మితవాదులు, అతివాదులుగా అది రెండుగా చీలింది. తాను నీరుపోసి పెంచిన చెట్టు రెండు కొమ్మలుగా చీలడం ఏ పెద్దమనిషికైనా బాధాకరమే. అయితే ఎదిరించి నిలబడిన ఆ యువతరానికి అక్షరాన్ని, సభావేదికను, హక్కు అనే మాటను అందించినవి గ్రంథాలయాలు, కేంద్రసంఘం ప్రచురించిన చిన్న పుస్తకాలే. వినతిపత్రాలతో మొదలు కాకుండా ఆ ఉద్యమం పల్లెలకు చేరేది కాదు, వినతిపత్రాలతోనే ఆగిపోతే పల్లెల బాధ తీరేది కాదు. చరిత్రలో రెండు తరాలకూ వాటి స్థానం ఉంది.

1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత ఆయన తాను చూసినదానిని, చేసినదానిని తెలంగాణా ఆంధ్రోద్యమము అనే పేరుతో రెండు భాగాలుగా రచించారు. ఆ కాలపు చరిత్రను తెలుసుకొనేవారికి అది ఆధారగ్రంథం. 1951 నుండి 1954 వరకు హైదరాబాదు నగరపాలక సంస్థకు తొలి మేయరుగా సేవచేశారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షులై 1964 వరకు ఆ బాధ్యత నిర్వహించారు. వాదించడం తెలిసిన న్యాయవాది ఇతరుల వాదాలను సమబుద్ధితో వినవలసిన పీఠం అధిష్ఠించడం సముచితంగానే ఉంది. 1970 నవంబరు 11న ఆయన పరమపదించారు.

ప్రజలు హనుమంతరావును ఆంధ్ర పితామహుడని పిలుచుకొన్నారు. చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకొన్న ఒక బాలుడు ఒక భాష మాట్లాడే ప్రజలందరికీ తాతగా గౌరవం పొందడం ఆయన జీవితంలోని విశేషం. ఆయన బిరుదు కాలక్రమంలో ఎవరికైనా మరపునకు రావచ్చు. తెలుగులో చదువుకొని పరీక్ష రాసి, ఉద్యోగం చేసి, తన ఇంటిని నిలబెట్టిన ఆ పాఠశాల బాలిక జీవితంలో మాత్రం ఆయన కృషి చిరస్థాయిగా నిలిచింది.

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.

1. న్యాయవాదవృత్తి మాడపాటి హనుమంతరావు ప్రజాసేవకు ఎలా తోడ్పడింది?
2. బాలికల విద్య కోసం హనుమంతరావు చేసిన కృషిని వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.

1. ఆంధ్ర జనసంఘం ఏ సందర్భంలో ఏర్పడింది?
2. హనుమకొండతో హనుమంతరావుకు గల అనుబంధాన్ని తెలపండి.
3. సిరిసిల్ల సభల విశేషమేమి?
4. హనుమంతరావు మార్గాన్ని యువతరం ఎందుకు ప్రశ్నించింది? మీ అభిప్రాయం రాయండి.