లోరెంజో ద పోంతే - ఒక భాషోపాధ్యాయుని జీవితం

లోరెంజో ద పోంతే 1749లో, నాటి వెనిస్ రాజ్యంలోని చెనెదా పట్టణంలో, యూదు కుటుంబంలో జన్మించారు. 1763లో ఆ కుటుంబం క్రైస్తవ మతం స్వీకరించింది. అనంతరం వియన్నా నగరంలో ఆయన 1786, 1790 సంవత్సరాల మధ్య మోజార్టు స్వరపరచిన మూడు సంగీత రూపకాలకు సాహిత్యం కూర్చి విఖ్యాతులయ్యారు.

కాని కీర్తి అప్పులు తీర్చలేదు. 1805లో అమెరికా చేరి, కిరాణా వ్యాపారం చేసి నష్టపోయి, చివరకు ఇటాలియన్ భాషాబోధననే జీవనోపాధిగా ఎంచుకున్నారు.

ఆ భాషలో క్రియలు ఆరే, ఎరే, ఇరే అను అంతములను బట్టి మూడు గణములు. ‘పర్లారే’ అనగా మాట్లాడుట. ‘ఆరే’ తొలగించి ప్రత్యయం చేర్చిన ‘పర్లో’ అనగా మాట్లాడుతాను. ‘పర్లి’ అనగా మాట్లాడుతావు. మన తెలుగులో వలెనే క్రియాంతమే కర్తను తెలుపుతుంది. ఒక్క క్రియ పట్టుబడిన, ఆ గణంలోని క్రమక్రియలన్నీ వశమవుతాయి. అయితే కర్తను విడువని ఆంగ్లానికి అలవాటుపడిన వారికి ఈ పద్ధతి కొత్త.

1825లో, 76వ ఏట, న్యూయార్కులోని కొలంబియా కళాశాలకు ఆయన తొలి ఇటాలియన్ ఆచార్యులయ్యారు. జీతం లేదు, విద్యార్థులిచ్చే రుసుమే ఆధారం. ఆ విద్యార్థులూ క్రమంగా కరవైనారు. అయినను ఆ భాషాగ్రంథాలను సేకరించి ఆ నగరవాసులకు అందించుట ఆయన మానలేదు. 1838లో, 89వ ఏట, న్యూయార్కులోనే కన్నుమూశారు.

విద్యార్థులారా! నిర్బంధం లేనిచోట భాషను నిలిపేది అభిమానమే. తరగతిలో మీరు వల్లెవేసే ఒక్కొక్క క్రియారూపం ఆ భాషకు ఆయువు పోస్తుంది.