పురాధ్యక్షుడు ప్రకాశం

ఆంధ్రకేసరి యనగానే 1928లో చెన్నపట్టణమున సైమను కమిషను బహిష్కారమునాడు తుపాకుల కెదురొడ్డిన మూర్తియే కన్నులకు గట్టును. అంతకు సుమారు పాతికేండ్లకు ముందు టంగుటూరి ప్రకాశముగారు గోదావరి యావలియొడ్డున, రాజమహేంద్రవరము పురపాలక సంఘాధ్యక్షులైన సంగతి ఏలూరు, తాడేపల్లిగూడెము వాసులలో నెందరికి జ్ఞప్తియున్నదో!

1872లో వినోదరాయునిపాలెమున జన్మించి, తండ్రి గతించిన పిదప ఒంగోలులో తల్లి నడపిన పూటకూటియింటి కష్టార్జితముతో చదువుకొని, గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారి యండతో రాజమహేంద్రవరము చేరిన బాలుడాయన. ఆస్తిలేదు, బంధుబలములేదు, రెండవతరగతి ప్లీడరుగా గడించిన పేరే మూలధనము. జమీందారుల మాటకు తిరుగులేని యా దినములలో అట్టివాడు ముప్పదియేండ్లు దాటిన కొలదికాలమునకే పురాధ్యక్షపీఠ మెక్కుట సామాన్యము గాదు.

1904లో సీమకేగి, 1907లో బారిస్టరై తిరిగివచ్చి చెన్నపట్టణమున లక్షలార్జించిరి. 1921లో వృత్తిని విడిచిరి. 'స్వరాజ్య' పత్రిక ఆ యార్జనను మ్రింగివేసెను. పత్రికలు నడపువారి కిది వింత గాదు.

మన భూస్వాములు ముఖ్యముగా తలపవలసినది 1937 నాటి రెవిన్యూ మంత్రిత్వము. జమీందారీ విచారణ సంఘమునకు తామే యధ్యక్షులై, భూమి రైతుదే గాని శిస్తు వసూలుచేయు జమీందారుది గాదని నివేదించిరి. నూజివీడు జమీందారీ పొరుగుననుండిన కొల్లేటిసీమ రైతుకు ఆ మాట విలువ వేరుగ జెప్పనక్కరలేదు. 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చుటచే ఆ కృషి నిలిచిపోయెను. జమీందారీల రద్దు చట్టము 1948లో గాని రాలేదు. 1946లో మద్రాసు ప్రధానియైన ప్రకాశముగారు అప్పటికే, 1947లో, పదవి గోల్పోయియుండిరి.

1953లో ఆంధ్రరాష్ట్ర ప్రథమ ముఖ్యమంత్రియై, మరుసటియేడే అవిశ్వాస తీర్మానముతో తొలగి, 1957 మే 20న హైదరాబాదున కన్నుమూసిరి. వెనుక మిగిల్చిన యాస్తి లేదు.